అమ్మ నడుం వాల్చిన బొమ్మ

ఆదివారం ఉదయం. వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ ముగించుకుని సెర్వా న్యూయార్క్‌లో, బ్రాంక్స్ ప్రాంతంలోని తన ఫ్లాట్‌కి వచ్చింది. బూట్లు విప్పి సజ్జ జావ పొయ్యి మీద పెట్టింది.

ముందుగదిలో కూతురు అద్వాపా తను గీసిన బొమ్మ మీది గుడ్డ తీసింది. చిన్నప్పుడే తల్లితో ఘనాలోని కుమాసీ నుంచి వచ్చిన పిల్ల. వచ్చే శనివారం ఆమె బొమ్మల మొదటి ప్రదర్శన. బొమ్మల్లో అందరూ తమలాంటి నల్లవాళ్లే, పని మాని సేదతీరుతున్న ఆడవాళ్లు. జడలల్లే ఆమె, బస్సు నడిపే ఆమె. నడిమి గోడకి పెట్టబోయేది అమ్మ బొమ్మ.

సెర్వా గరిటెతోనే వచ్చి చూసింది. తెల్ల లేసు దుప్పటి మీద వెల్లకిలా తను. పొట్ట మీద చేతులు. కళ్లు మూసి ఉన్నాయి.

"నేనెప్పుడు పోయానే?"

"అదేం మాటమ్మా! నిద్రపోతున్నావు."

"మా అమ్మ శవాన్ని ఇలాగే లేసు మీద పడుకోబెట్టి ఊరందరికీ చూపించాం. ప్రదర్శనకి మన చర్చి డూఫీ వస్తుందిగా, అక్కడే శోకాలు మొదలెడుతుంది. చావింటివాళ్లకిచ్చే చందా కూడా నీ చేతిలో పెట్టి మరీ పోతుంది. ఈ బొమ్మ తీసెయ్."

"తియ్యను. నువ్వు పడుకోగా నేనెప్పుడు చూశానమ్మా? నేను లేచేసరికి వంటింట్లో ఉంటావు, పడుకునేసరికి డ్యూటీకి పోతావు. చూడనిదాన్ని ఊహించి వేశాను."

లోపల జావ పొంగింది. సెర్వా వెళ్లి పొయ్యి కట్టేసి వచ్చింది.

"మా అమ్మ మధ్యాహ్నం బట్టల కొట్టు వెనక చాప మీద పడుకునేది. పక్కకి తిరిగి, తల కింద చెయ్యి పెట్టుకుని. ఎవరైనా బేరానికొస్తే కళ్లు తెరవకుండానే ధర చెప్పేది. నేను ఆవిడ వీపుకి ఆనుకుని పడుకునేదాన్ని. కొత్త బట్టల గంజి వాసన వచ్చేది."

"ఎలా పడుకునేదో చూపించు."

"ఈ డ్యూటీ బట్టలతోనా?"

"వాటితోనే."

సెర్వా సోఫాలో పక్కకి తిరిగి ఒరిగింది. ఒక కాలు మడిచింది. "ఇలా... బేరమాడితే ఏమనేదంటే..." కళ్లు మూతపడి మాట సగంలో ఆగింది.

అద్వాపా పెన్సిల్ తీసింది. ఫోన్ మోగింది. డూఫీ.

"అమ్మ చర్చికి రాదు ఆంటీ. పడుకుంది."

"సెర్వానా? పగలా? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది ఆంటీ. నిద్రపోతోంది, అంతే."

ఫోన్ పెట్టేసి అద్వాపా మోచేత్తో కళ్లు తుడుచుకుంది. మళ్లీ గీయడం మొదలుపెట్టింది.

"జావ చల్లారిపోతోంది, తాగు," అంది సెర్వా, కళ్లు తెరవకుండానే.