సగం చాయ్ సంబంధం

"రోజుకు ఎన్ని చాయ్‌లు తాగుతరు?" అని అడిగింది బల్ల వెనక కూర్చున్న పిల్ల.

లోకేశ్ సూది గుచ్చిన వేలును అంగీకి తుడుచుకున్నాడు. "లెక్క పెట్టలే మేడం."

"అందాజ చెప్పున్రి."

"పొద్దుగాల ఇంట్ల రెండు. దుకాణంల ఎందరు రైతులొస్తే అన్ని."

"మరి పసుపు సీజన్ల?"

"సీజన్ల అన్నం తినుడు మర్చిపోత గని చాయ్ మర్చిపోను."

ఆ పిల్ల పెన్ను కింద పెట్టి అతని పొట్టను ఒకసారి, మొహాన్ని ఒకసారి చూసింది. లోకేశ్ పొట్టను లోపలికి గుంజాడు. అది మాట వినలేదు.

పిల్ల పేరు త్రివేణి. ఊరు పక్కనే ఉన్న ఆలూర్. ఆర్మూర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో ఎవరేం తినాలో, ఏం తినకూడదో చెప్పే ఉద్యోగం. ఆ రోజు దవాఖాన వాళ్లు పసుపు బజారు దగ్గర ఉచితంగా షుగర్ పరీక్షలు పెట్టారు. లోకేశ్ వచ్చింది షుగర్ కోసం కాదు, బల్ల వెనకున్న పిల్ల కోసం. రక్తం ధారపోసి మరీ అమ్మాయిని పరిచయం చేసుకున్న మొనగాడు ఆర్మూర్ మొత్తంలో అతనొక్కడే అయివుంటాడు.

"మీ షుగర్ బార్డర్‌ల ఉన్నది."

"అంటే ఇంక దాటలే గద మేడం."

"ఒక కాలు దాటిచ్చిన్రు. రెండో కాలు చాయ్ గ్లాసుల ఉన్నది. చాయ్ తగ్గియ్యున్రి."

"చాయ్ తగ్గిస్తే మా దుకాణం బంద్ అయితది."

అబద్ధం కాదు. లోకేశ్ తన మేనమామ హన్మాండ్లు పసుపు దుకాణంలో కొనుగోళ్లు చూస్తాడు. రేట్లు ఫోన్లలోకి వచ్చి ఏళ్లయినా, ఆ దుకాణమున్న సందులో బేరం తేల్చేది మాత్రం చాయ్ కప్పే. రైతు సరుకు చూపించగానే చాయ్ వస్తుంది. కొనేవాడు కప్పు ఖాళీ చేస్తే సరుకు నచ్చినట్టు. మధ్యలో కింద పెడితే నచ్చనట్టు. దీనికి కాగితం లేదు, సంతకం లేదు. అయినా ఇంతవరకు ఎవరూ తప్పలేదు.

త్రివేణి అంతా విని తల ఊపింది. "మొత్తం బంద్ చేసేటోళ్లు వారం తిరగకుంటనే మళ్ల షురూ చేస్తరు. మీరు బంద్ చెయ్యొద్దు. ఏడ తాగినా సగమే తాగున్రి. గంతే."

"గంతేనా?"

"గంతే. అది అలవాటైనంక ఇంకోటి చెప్త."

ఇంకోటి చెబుతానందంటే మళ్లీ కలుస్తానన్నట్టే కదా. లోకేశ్ గాల్లో తేలుతూ దుకాణానికి పోయాడు.

మొదటి రోజే కొంప మునిగింది.

ఆలూర్ నుంచి ఒక పెద్ద మీసాల రైతు వచ్చాడు. ఆయన పసుపు కోసం హన్మాండ్లు ఎప్పట్నించో కాచుకుని ఉన్నాడు. రైతు పసుపు కొమ్ము విరిచి లోపలి రంగు చూపించాడు. లోకేశ్ కళ్లకద్దుకున్నంత పని చేశాడు. చాయ్ వచ్చింది. లోకేశ్ సగం తాగి కప్పు కింద పెట్టాడు.

పెద్దాయన కప్పును చూశాడు. తర్వాత లోకేశ్‌ను చూశాడు.

"నచ్చకుంటే నచ్చలేదని నోటితోని చెప్పాలె. గిట్ల తాగి గట్ల పెడ్తవా?"

"అయ్యో పెద్దాయినా, నచ్చింది. నాకు షుగర్..."

"నా పసుపుకు నీ షుగర్‌కు ఏం సంబంధమోయ్?"

బస్తాలన్నీ మళ్లీ ట్రాలీ ఎక్కాయి. హన్మాండ్లు నెత్తి పట్టుకుని కూర్చున్నాడు. ఆ సాయంత్రం మేనల్లుడికి చాయ్ బదులు తిట్లు పడ్డాయి. మర్నాటి నుంచి హోటల్ వాడికి చెప్పి, లోకేశ్‌కు మాత్రం సగమే పోసిన కప్పు తెప్పించే ఏర్పాటు జరిగింది. కప్పూ ఖాళీ అయ్యేది, మాటా దక్కేది.

ఆ తర్వాత త్రివేణి ఒక్కోటి పెంచుతూ పోయింది. దుకాణానికి బండి మీద కాకుండా నడిచి పోవాలంది. రాత్రి అన్నం బదులు జొన్నరొట్టె అంది. ప్లేటు ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టమంది. లోకేశ్ బుద్ధిగా పెట్టేవాడు. ఒకరోజు మాత్రం మేనమామ ఇంట్లో దావత్ కావడంతో, మనసు కోడికూర మీద పెట్టి, ఫోటో మాత్రం నిన్నటి కీరదోస ముక్కలది పెట్టాడు.

వెంటనే ఫోన్ మోగింది.

"నిన్నటి ముక్క మీద వాలిన ఈగనే ఇయ్యాల గూడ అదే ముక్క మీద వాలిందా?"

"అది... అది మా ఇంటి ఈగనే త్రివేణి. మస్తు నియమంగ ఉంటది."

అటువైపు నుంచి నవ్వు రాకుండా ఆపుకుంటున్న చప్పుడు వచ్చింది. "ఎంత తిన్నవ్?"

"ఇయ్యాల ఒక్కరోజే..."

నవ్వు ఆగిపోయింది. "గా మాట నాతోని అనకు లోకేశ్. మా బాపుకు షుగర్ ఉన్నది. గోలీ ఏసుకుంట తియ్యటి గరిజెలు తింటడు. అడిగితే 'ఇయ్యాల ఒక్కరోజే బిడ్డా' అంటడు. ఆయనకు రోజూ ఒక్కరోజే."

లోకేశ్ తిన్నది తిన్నానని ఒప్పుకుని, కోడికూర ముక్కలతో సహా చెప్పేశాడు. ఆమె మెత్తబడింది. అబద్ధం కంటే కోడికూరే నయమంది.

సీజన్ చివర్లో ఒక మధ్యాహ్నం చెప్పాపెట్టకుండా వాన దిగింది. బజారంతా ఉరుకులు పరుగులు. ఆరబోసిన పసుపు మీద పట్టాలు కప్పడానికి లోకేశ్ ఆ కొస నుంచి ఈ కొసకు ఉరికాడు. అటుగా పోతున్న త్రివేణి చున్నీ నడుముకు చుట్టి పట్టా రెండో చివర పట్టుకుంది. పని అయ్యాక ఇద్దరూ రేకుల షెడ్డు కిందికి చేరారు. ఆమె జడలోంచి నీళ్లు కారుతున్నాయి. అతను చూడనట్టు చూస్తున్నాడు. అతను చూస్తున్నాడని తెలియనట్టు ఆమె జడ పిండుకుంటోంది.

"ఒకటి చూసినవా?" అంది త్రివేణి.

"నిన్నే చూస్తున్న."

"అది గాదు. గంత ఉరికినా రొప్పలే, దమ్ము రాలే నీకు."

లోకేశ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. నిజమే. కొట్టుకుంటోంది గానీ అది ఉరికినందుకు కాదు.

"అంత నీ కోసమే చేసిన త్రివేణి. నువ్వంటే నాకు పానం."

"నా కోసం చేస్తే నేను కోపమొచ్చి మాట్లాడని రోజు మళ్ల కోడి పట్టుకుంటవ్. నీ కోసం చెయ్యి." అని కాసేపు వాన చూసింది. తర్వాత చాలా మామూలుగా అంది. "మీ మామను తీసుకొని మా ఇంటికి రా. బాపుతోని మాట్లాడు. ఆడ గూడ సగమే తాగాలె, యాదుంచుకో. గా ఒక్క పూట మాట తప్పితే, పెండ్లైనంక రోజూ తప్పుతవ్."

"మరి సగంల పెడితే మీ బాపు ఏమన్న అనుకుంటే?"

"అది బజార్ల రివాజు. ఇంట్ల ఎవరు చూస్తరు?"

చదువుకున్న పిల్ల అయినా తండ్రిని సరిగ్గా చదవలేదు.

ఆ వారమే మామా అల్లుళ్లు ఆలూర్ పోయారు. తలుపు తీసిన మనిషిని చూడగానే ఇద్దరి కాళ్లూ గడపలోనే ఆగిపోయాయి. అవే మీసాలు. త్రివేణి తండ్రి గంగాదాస్ కూడా గుర్తుపట్టాడు.

"నువ్వు సగం చాయ్ పోరనివి గదా?"

"నమస్తే పెద్దాయినా" అన్నాడు లోకేశ్, వేరే గతిలేక.

అయినా ఇంటికొచ్చిన వాళ్లను వెళ్లగొట్టే మనిషి కాదు ఆయన. కూర్చోబెట్టాడు. లోపలి నుంచి త్రివేణి నానమ్మ ముత్తవ్వ చాయ్ తెచ్చింది. కప్పుల్లో కాదు, మజ్జిగ తాగే స్టీలు గ్లాసుల్లో, అంచుదాకా.

"జర తక్కువ పొయ్యి అవ్వా" అన్నాడు లోకేశ్ ఆశగా.

"అల్లునికి తక్కువ పోస్తరా బిడ్డా?" అని ముత్తవ్వ పైనుంచి ఇంకొంచెం పోసింది.

గంగాదాస్ గ్లాసునే చూస్తున్నాడు. వంటింటి తలుపు పక్కన నిలబడి త్రివేణి గ్లాసునే చూస్తోంది. హన్మాండ్లు అల్లుడి తొడ గిల్లుతూ గ్లాసునే చూస్తున్నాడు. మొత్తం తాగితే పిల్ల పోతుంది. సగంలో పెడితే తండ్రి పోతాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి, చేతిలో చాయ్.

లోకేశ్ ఒక్కో గుక్కా తాగాడు. సగానికి వచ్చేసరికి 'ఇయ్యాల ఒక్కరోజే' అన్న మాట నాలుక కొసకు వచ్చింది. దాన్ని మింగేశాడు. గ్లాసు కింద పెట్టాడు.

గంగాదాస్ మొహం మాడిపోయింది. "నాకెర్కనే. గప్పుడు నా పసుపు నచ్చలే, గిప్పుడు నా బిడ్డ నచ్చలే."

"పెద్దాయినా, మీ పసుపు నచ్చింది. మీ బిడ్డ ఇంకా మస్తు నచ్చింది. గని ఇది మొత్తం తాగితే ఆమె నన్ను ఒప్పుకోదు. తాగకుంటే మీరు ఒప్పుకోరు. నన్నేం చెయ్యమంటరో మీరే చెప్పున్రి."

"మాటలు ఎన్నన్న చెప్పొచ్చు. కప్పు ఖాళీ గాకుంటే బేరం గానట్టే" అని గంగాదాస్ లేవబోయాడు.

త్రివేణి తలుపు పక్క నుంచి నడింట్లోకి వచ్చేసింది. "నేనేమన్న పసుపు బస్తానా బాపు?"

"గట్ల గాదు బిడ్డా. రివాజు ఒకటుంటది గదా."

"ఏంది రివాజు? గ్లాసు ఖాళీ గావాలె. గంతేనా?"

"గంతే."

"ఎవరు ఖాళీ చెయ్యాలెనో ఏమన్న ఉన్నదా?"

ఇన్నేళ్ల బేరాల్లో ఈ ప్రశ్న గంగాదాస్‌కు ఎవరూ వేయలేదు.

త్రివేణి లోకేశ్ ముందున్న గ్లాసు తీసుకుంది. అందరూ చూస్తుండగానే, మిగిలిన సగం గటగటా తాగేసి, గ్లాసును తండ్రి ముందు బోర్లించింది. ఒక్క చుక్క కూడా రాలలేదు. ఆమె చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి.

"అయ్యో, ఎంగిలి" అని ముత్తవ్వ నోటి మీద చెయ్యి వేసుకుంది. ఆ చెయ్యి వెనకే నవ్వేసింది. "ఇగ పెండ్లి చెయ్యకుంటే మన ఇజ్జతే పోతది గంగాదాసూ."

"గింత చక్కెర ఏస్తవేందే అవ్వా" అంది త్రివేణి, ఎవరి వైపూ చూడకుండా.

లోకేశ్‌కు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పెద్దల ముందు బాగోదని మోకాళ్లు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు.

గంగాదాస్ బోర్లించిన గ్లాసును చూశాడు, కూతుర్ని చూశాడు. తర్వాత తన గ్లాసు ఎత్తి తాగడం మొదలుపెట్టాడు. తాగుతూ తాగుతూ, సరిగ్గా మధ్యలో ఆపి కింద పెట్టాడు.

హన్మాండ్లు లేచి నిలబడ్డాడు. "ఏందన్నా, ఇంక ఇష్టం లేదా?"

"ఇష్టమే హన్మాండ్లూ. పిల్ల కోసం గీ పోరడు నా ఇంట్ల కూసోని నా ముంగటనే సగం తాగి పెట్టిండు. షుగరున్నోన్ని, తండ్రిని, నేను సగంల ఆపలేనా?"

త్రివేణి వచ్చి తండ్రి పక్కన కూర్చుని ఆయన భుజానికి తల ఆనించింది.