ఎదురుగడి

ఆ ఇంట్లో భోజనాల బల్లకు రెండే కుర్చీలు. కిటికీ వైపు కుర్చీ అక్కది, గోడ వైపుది చెల్లెలిది. ఆదివారం వచ్చిందంటే ఇద్దరి మధ్య పత్రికలోని గళ్ళ నుడికట్టు పరుచుకుని ఉండేది. లెక్కల టీచరుగా రిటైరైన అక్కకు కాగితం నిటారుగా కనిపిస్తే, టెలిఫోను ఎక్స్ఛేంజీలో రిటైరైన చెల్లెలికి అది తలకిందులు. అయినా దాని గురించి ఏనాడూ పేచీ రాలేదు.

ఎందుకంటే, మంచి నుడికట్టులో నల్లగళ్ళకు ఒక కట్టుబాటు ఉంటుంది. కాగితాన్ని సగం చుట్టు తిప్పినా నల్లగళ్ళ బొమ్మ మారకూడదు. పై వరసలో ఎడమ మూల గడి నల్లదైతే, కింది వరసలో కుడి మూల గడీ నల్లదై తీరాలి. ప్రతి గడికీ ఎక్కడో ఒక ఎదురుగడి ఉంటుందన్నమాట. బడిలో అక్క ఈ సంగతి పేకముక్కతో చెప్పేది. "రాజును తలకిందులు చేయండి. ఏమయ్యాడు? మళ్ళీ రాజే!"

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. మాటను పట్టించే ఆధారం మనల్ని దారి తప్పించవచ్చు, తికమక పెట్టవచ్చు, చెరువు చూపించి సముద్రం అనిపించవచ్చు. కానీ అబద్ధం ఆడకూడదు.

పెన్సిలుతో రాయడం చెల్లెలి వంతు. అంతా సరిపోయాక సిరా కలంతో దిద్దడం అక్క వంతు. ఆలోచన తెగనప్పుడు చెల్లెలు పెన్సిలు తోకతో బల్లను టక్ టక్ టక్‌మని కొట్టేది. అందుకే అక్క ఆమెకు వడ్రంగిపిట్ట అని పేరు పెట్టింది. పత్రికకు జవాబులు పంపేటప్పుడు చెల్లెలు కింద సంతకం కూడా ఆ పేరుతోనే చేసేది.

"ఆపవే తల్లీ, నా బుర్రకు చిల్లు పడుతోంది."

"పడనీ అక్కా, కాస్త గాలైనా ఆడుతుంది."

వాళ్ళ రోజులు అలా గడుస్తుండగా పత్రిక ఎడిటరు ఫోను చేశాడు. అతను అక్క దగ్గర చదువుకున్నవాడే.

"టీచర్, కాటుకపిట్ట గుర్తున్నాడా?"

అది నుడికట్లు తయారుచేసే ఒక కూర్పరి కలం పేరు. ఆయన నుడికట్టు పడిన వారం ఊళ్ళో ఉన్న నిఘంటువులన్నీ దుమ్ము దులుపుకునేవి.

"గుర్తులేకపోవడమేమిట్రా! నా తలలో తెల్లవెంట్రుకలు సగం ఆయన పుణ్యమే."

"ఆయన కాలం చేశారు టీచర్. సొరుగులో ఆఖరి నుడికట్టు ఒకటి దొరికింది, జవాబులు మాత్రం లేవు. మా ఆఫీసులో అందరం చేతులెత్తేశాం."

"నువ్వు ఎక్కాల దగ్గరే చేతులెత్తేశావుగా. పంపించు."

కాగితం వచ్చింది. దాని శీర్షిక 'ఆరిపోయినవి'. మొదటి అడ్డం ఎప్పటిలాగే కూర్పరి సంతకం, ఐదు గళ్ళలో కాటుకపిట్ట. దానికి సరిగ్గా ఎదురుగడులు ఆఖరి అడ్డంలో ఉన్నాయి. అవీ ఐదే. వాటికి మాత్రం ఆధారం లేదు, ఒక చిన్న గీత గీసి వదిలేశాడు.

తక్కినవి ఇనుప గుగ్గిళ్ళు. తిప్పి రాస్తే, నడుమ విరిస్తే మాట వస్తుంది కానీ ఆ మాట ఏమిటో లోకంలో ఎవరికీ తెలియదు. ఒకదాని కోసం అక్క లైబ్రరీకి వెళ్ళింది. "ఆ పుస్తకం అడిగినవాళ్ళు నా సర్వీసులో లేరు టీచర్ గారూ. ముందు బీరువా తాళంచెవి వెతకాలి," అన్నాడు లైబ్రేరియను. అది దొరికాక, అంటుకుపోయిన పేజీల్లో జవాబు తేలింది. ఒకప్పుడు ఓడలకు దారి చూపిన లైట్‌హౌసు. దీపం తీసేశారు, తర్వాత సముద్రం దాన్ని మింగేసింది.

చెల్లెలు ఆ పేరు గళ్ళలో నింపింది. ఆ సాయంత్రం అక్క బజారు నుంచి వచ్చేసరికి ఇల్లంతా చీకటి.

"లైటు వేసుకోలేదేమే?"

"చాలులే అక్కా. కనిపిస్తోంది."

తర్వాతి జవాబు ఇసుకలో ఇంకిపోయిన ఒక నది. అది పాత పటంలో సన్నని చుక్కల గీతగా దొరికింది. చెల్లెలు రాసింది. ఆనాటి నుంచి ఆమె మంచం పక్కన గ్లాసులో నీళ్ళు పోసినవి పోసినట్టే ఉండిపోయాయి. మూడోది, మళ్ళీ ఎవరి కంటా పడని ఒక పిట్ట. అది రాశాక టక్ టక్‌లు ఆగిపోయాయి. వయసు మీద పడుతోంది అనుకుంది అక్క. నిజానికి ఆ నిశ్శబ్దం హాయిగానే అనిపించింది ఆమెకు. తర్వాత చాలాసార్లు తనను తాను తిట్టుకుంది.

నాలుగోది, చదివేవాళ్ళే మిగలని ఒక లిపి. మ్యూజియంలో పనిచేసే మనిషి ఫోనులో దాని పేరు చెప్పాడు. చెల్లెలు రాసి, కాగితం వంక అలాగే చూస్తూ కూర్చుంది.

"అక్కా... ఈ దస్తూరీ ఎవరిది?"

"నీదే! నీకేమైందే?"

"నాదా..." అంది చెల్లెలు మెల్లగా, పొరుగింటివాళ్ళ బిడ్డను చూసి మాట్లాడినట్టు.

డాక్టరు నాడి చూశాడు, రక్తం చూశాడు, ఏమీ లేదు పొమ్మన్నాడు.

మర్నాడు పొద్దు వాలే వేళకే వాన ముసురుకుంది. కరెంటు పోయింది. అక్క మైనపు వత్తి వెలిగించి బల్ల మీద పెట్టింది. నుడికట్టు నిండిపోయింది, ఆఖరి అడ్డం తప్ప. నిలువు మాటల వల్ల అందులో మూడు అక్షరాలు వాటంతటవే పడి ఉన్నాయి. మొదటిది 'వ'. మూడోది 'గి'. చివరిది 'ట్ట'.

ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన బుర్ర అది. ఆ అక్షరాల మధ్య ఖాళీలు చూసీ చూడగానే అక్కకు చెల్లెలి సంతకం కనిపించింది.

అప్పుడే వాసన వచ్చింది. ఊదేసిన దీపం వాసన... కాలిన వత్తి, నూనె, మసి. కానీ బల్ల మీద వత్తి వెలుగుతూనే ఉంది.

చెల్లెలు పెన్సిలు తీసుకుంది.

"కింద పెట్టేయ్," అంది అక్క గుసగుసగా.

"సరిపోయింది కదక్కా."

"సరిపోలేదు. ఇవన్నీ ఆరిపోయినవి. నువ్వు ఆరిపోలేదు. నా ఎదురుగా కూర్చున్నావు, పొద్దున నాతో పోట్లాడావు. ఇది అబద్ధం. ఆటలో చెల్లదు."

చెల్లెలు నవ్వింది. పళ్ళు కనిపించాయి కానీ నవ్వు చప్పుడు రాలేదు.

"రాశాక అబద్ధం కాదు కదా."

ఆ గొంతు చెల్లెలిదే. కానీ అది వచ్చింది నోట్లోంచి కాదు... గోడలోంచి.

పెన్సిలు కదిలింది. 'డ్రం'.

వత్తి సగానికి కుంగింది. చెల్లెలి ముఖంలో ఒక సగం కనిపించడం మానేసింది. అది నీడ కాదు. ఆ వైపు కుర్చీ వీపు కనిపిస్తోంది...

ఇక ఒక్క గడి.

గోడలోంచి టక్... టక్... టక్... చెల్లెలి చప్పుడు. చెల్లెలి చేయి మాత్రం కాగితం మీదే ఉంది.

అక్కకు భయం వేయలేదా అంటే, వేసింది. కానీ వెనకబెంచీ మొండిఘటాలను ఏళ్ళతరబడి దారికి తెచ్చిన మనిషి. భయం తల దాటి పోతే ఆమెకు కోపం వచ్చేది. సిరా కలం మూత తీసింది.

"కాటుకపిట్టా," అంది గోడ వంక చూసి. గుసగుసగా కాదు, క్లాసులో పిలిచినట్టే పిలిచింది. "నీ నుడికట్టు, నీ ఆట. ఒప్పుకుంటాను. కానీ ఆటన్నాక కట్టుబాటు ఉంటుంది. అది నీకూ వర్తిస్తుంది. చూస్తావా?"

చెల్లెలి మణికట్టును ఎడమచేత్తో అదిమిపట్టింది. మంచుగడ్డను పట్టుకున్నట్టుంది. కుడిచేత్తో కలం 'వ' మీద పెట్టి రుద్దింది. గడి నల్లబడింది. ఎవరో ఆమె మోచేతిని వెనక్కి లాగారు. పళ్ళు బిగించి రెండోది రుద్దింది. మూడోది. నిలువు మాటల తోకలు తెగిపోతున్నాయి. తెగనీ! నాలుగోది. పాళీ విరిగి సిరా బల్ల మీద ఒలికింది. బొటనవేలిని సిరాలో అద్ది ఐదో గడిని అదిమింది.

"నల్లగడిలో అక్షరం రాయలేవు. ఎంత గొప్ప కూర్పరివైనా సరే. ఇక ఎదురుగడి సంగతి చూసుకో!"

ఒక్క క్షణం ఏమీ లేదు. వాన చప్పుడొక్కటే.

తర్వాత మొదటి అడ్డంలో, కాటుకపిట్ట చివరి గడిలో, చిన్న నల్లచుక్క పుట్టింది. పెద్దదయింది. గడి నిండింది. ఎవరూ ముట్టుకోలేదు. 'పి' నల్లబడింది... 'క'... 'టు'... వెనక్కి, వెనక్కి... 'కా' దగ్గర ఆగింది. గోడలో ఏదో గోళ్ళతో బరికింది. చాలాసేపు బరికింది. ఆ తర్వాత 'కా' కూడా మునిగిపోయింది.

వత్తి నిటారుగా లేచింది.

"అక్కా," అంది చెల్లెలు, నిండుముఖంతో. "గొంతు ఎండిపోతోంది. నీళ్ళివ్వవూ? అయ్యో, నుడికట్టంతా ఎవరు పాడుచేశారు? నీకు మతి ఉందా లేదా?"

అక్క కూజాలో నీళ్ళన్నీ తాగించింది. పక్కకు తిరిగి కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు ఎండ కాసింది. ముందుగదిలో చెల్లెలు కొత్త పత్రిక ముందు కూర్చుని టక్ టక్ టక్‌మని బల్లను వాయిస్తుంటే అక్కకు అది మేళంలా ఉంది. సింకు దగ్గర నిలబడి కుడిచేతి బొటనవేలిని సబ్బుతో తోమింది. సిరా మరక పోలేదు. పోనీలే, రెండు రోజులు ఉంటుంది అనుకుంది.

ఇంట్లో తొడిగే చెప్పులు వేసుకోబోతూ కిందికి చూసింది.

ఎడమకాలి బొటనవేలి గోరు నల్లగా ఉంది.

నిన్న సిరా కాలి దరిదాపులకు కూడా పోలేదు. అక్క కాసేపు అలాగే నిలబడి లెక్క వేసుకుంది. మనిషిని కాగితంలా సగం చుట్టు తిప్పితే, కుడిచేయి ఉన్నచోటికి వచ్చేది ఎడమకాలే.

కళ్ళజోడు పెట్టుకుని వంగింది. మరక గుండ్రంగా లేదు. నాలుగు మూలలూ స్కేలు పెట్టి గీసినట్టున్నాయి. ఎడమ పై మూలలో సన్నగా, తెల్లగా ఒక అంకె ఉంది. నల్లగడికి అంకె వేయరు, వేయకూడదు. దీనికి వేశారు. ఒకటి.

"ఏం చేస్తున్నావక్కా?" చెల్లెలు ముందుగదిలోంచి కేకేసింది. "రా, ఆధారం చదువుతాను!"

"వస్తున్నానే."

అక్క అరలోంచి కొత్త కలం తీసింది. మూత విప్పింది.

"ఒకటి సరే," అంది తన గోరుతో, తప్పు లెక్క చేసిన పిల్లాడిని నిలదీసినట్టు. "అడ్డమా, నిలువా? చెప్పు."

అంత ఎండలో, ఆ వంటగదిలో, ఎవరో దీపం ఊదేసిన వాసన వచ్చింది.