ప్రార్థన పెట్టెలో చీటీ

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం. నర్సీపట్నం చర్చిలో ప్రతి శనివారం మధ్యాహ్నం ప్రార్థన పెట్టె తెరిచి, చీటీల్లోని మనవులను పాస్టరుగారు మర్నాడు చదవడానికి ఒక కాగితం మీద ఎక్కించడం కరుణకుమారి పని. భర్త జీవరాజు పోయి పన్నెండు రోజులైనా ఆ పని మానలేదు.

ఆ పెట్టెలోనే ఆమె ఒక అబద్ధం వేసింది. మద్రాసులో కొత్తగా వచ్చిన ఎమ్మారై మిషన్‌లో జీవరాజు కాలేయంలోనూ ప్లీహంలోనూ గడ్డలు కనిపించాయి. ఆ మాట చర్చిలో చదివితే, కాకినాడ హాస్టల్లో ఉండి డిగ్రీ పరీక్షలకి చదువుతున్న కూతురు పరిమళ చెవిన పడుతుందని, చీటీ మీద "గ్యాస్ నొప్పి" అని రాసింది. సంఘమంతా ఆరు వారాలు గ్యాస్ నొప్పికే ప్రార్థించింది.

"గ్యాసుకి మద్రాసెందుకే? వాము నమలమనలేకపోయావా?" అని ముసలి ఎస్తేరమ్మ నవ్వింది కూడా.

జీవరాజు దగ్గరా దాచింది. "నిజం సెప్పు కరుణా, ఏటుంది లోపల?" అని అడుగుతూ అడుగుతూనే పోయాడాయన. మట్టి చేసేటప్పుడు కూడా పిల్లని పిలవలేదు. పరీక్షలయ్యేదాకా చెప్పొద్దని అందరినీ బతిమాలుకుంది. ఆఖరి పరీక్ష నిన్నటితో అయిపోయింది. ఇంకా నోరు రాలేదు.

ఈ శనివారం ఆమె ఒక్కతే పెట్టె దగ్గరికి వచ్చేసరికి బయట మబ్బు కమ్మింది. కరెంటు పోయింది. తడిమట్టి వాసనలో ఎక్కడిదో ఆస్పత్రి స్పిరిటు వాసన...

డబ్... డబ్... డబ్...

మద్రాసులో గది బయట కూర్చుని గంటసేపు విన్న మిషన్ చప్పుడు. ఇప్పుడు పెట్టెలోంచి.

తాళం తీసింది. చప్పుడు ఆగింది. లోపల ఒకటే చీటీ. జీవరాజు రాత. సిరా ఇంకా ఆరలేదు.

"కాలేయంలో మూడు. ప్లీహంలో ఒకటి. పరిమళకి నువ్వు చెప్తావా, నేను చెప్పనా?"

"రేపు..." ఆమె చీటీ మడిచేసింది. "రేపు పొద్దున్నే చెప్తానండీ..."

స్పిరిటు వాసన ఒక్కసారిగా పోయింది. ఆయన వెళ్ళిపోయినట్టు... ఎక్కడికో బయల్దేరినట్టు.

వానలో పడి పాస్టరుగారింటికి పరిగెత్తింది. ట్రంకాల్ కలిసేసరికి గంట పట్టింది. హాస్టల్ వార్డెన్ వర్ధనమ్మ ఎత్తింది.

"పరిమళని బేగి పిలవండమ్మా... వాళ్ళ నాన్న..."

"ఆయన ఇందాకే వచ్చారుగా! గేటు దగ్గర పిల్లతో ఏదో చెప్పారు. అది గొల్లుమంది. ఇద్దరూ కలిసి వెళ్ళారు."

"ఎ... ఎక్కడికి?"

"మీ దగ్గరికే అనుకున్నామండీ. కానీ..." వార్డెన్ గొంతు తగ్గింది. "చెప్పులు గేటు దగ్గరే వదిలేశారు. రెండు జతలూ."