చక్రాల్లేని ట్రక్కు

మా టైర్ల షాపు వెనక పాత ఇనుము యార్డు ఉంది. చీకటి పడ్డాక అందులో చివరి వరస దగ్గరికి ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు. రాగి తీగ కోసం ప్రాణాలకి తెగించి గోడ దూకే దొంగలు కూడా ఆ వరస జోలికి పోయేవాళ్ళు కాదు.

అక్కడ ఒక మిలటరీ ట్రక్కు తొట్టి ఉంది. ముందు క్యాబిన్ లేదు, ఇంజను లేదు, చక్రాలు లేవు. డ్రమ్ముల మీద ఎక్కించి వదిలేశారు. రాత్రిపూట అందులోంచి చప్పుడు వచ్చేదట. ఏడుపు కాదు, గజ్జెలు కాదు... ముందువైపు ఇనుప గోడని లోపల్నించి ఎవరో అరచేత్తో కొట్టినట్టు — ధన్!

ఒక్కటే. మళ్ళీ చాలాసేపటికి ఇంకొకటి.

నేనైతే వినలేదు. వెళ్ళి వినేంత తీరిక, ధైర్యం రెండూ నాకు లేవు. ఇది నా స్నేహితుడు, ఒక వెల్డరు చెప్పిన సంగతి. వాడు అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. అందుకే చెప్పినంతసేపూ వాడి చెవులే చూస్తూ కూర్చున్నాను.

వెల్డరుకి భార్య పోయింది. ఉన్న ఒక్క పాపనీ మేనమామ తీసుకెళ్ళి తన పిల్లలతో పాటు చూసుకుంటున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు, నోరే కాస్త పెద్దది. ఈలోగా వెల్డరు పనిచేసే వర్క్‌షాపు మూతపడింది. అద్దె గది పోయింది. వాడి గిన్నెలూ దుప్పట్లూ మా షాపులో టైర్ల మధ్యకి చేరాయి. వాడేమో యార్డులో వాచ్‌మన్ తాత షెడ్డులో పడుకునేవాడు.

చలికాలం సెలవులకి ముందు బావమరిది ఫోన్ చేశాడు.

"బావా, ఉన్నమాట చెప్తాను, కోపం తెచ్చుకోకండి. పిల్ల నాన్న నాన్న అని ఒకటే గోల. శనివారం తెచ్చి దింపుతా, ఆదివారం పొద్దున్నే వచ్చి చూస్తా. చలి తగలకుండా, జలుబు చెయ్యకుండా ఉంచారా, సెలవులన్నీ మీ దగ్గరే. లేదంటే మాత్రం... ఇక అది మా ఇంటి పిల్లే అనుకోండి. ఇంతకీ ఎక్కడ ఉంచుతారు?"

వెల్డరు నోట్లోంచి ఒక్కటే మాట ఊడిపడింది. "క్యాంపింగ్!"

పాపకి గుడారాలంటే పిచ్చిలెండి. మంచానికి దుప్పటి కట్టి అందులో దూరిందంటే అన్నానికి కూడా బయటికి రాదు.

అడగ్గానే యార్డు ఓనరు ఆ తొట్టిని వీడికి ఇచ్చేశాడు. "ఎవడూ కొనడం లేదు, నువ్వే తీసుకో. దెయ్యం అద్దె అడిగితే మాత్రం నాకు సంబంధం లేదు" అన్నాడు.

వెల్డరు ఆ రోజే పని మొదలుపెట్టాడు. విల్లులా వంగిన కమ్మీల మీద చినిగిన టార్పాలిన్ పీకేసి రేకులు అతికించాడు. సిపాయిలు కూర్చునే బల్లల మధ్య పలకలు పరిచి మంచం చేశాడు. వెనక తలుపు చుట్టూ నా షాపులోని పాత ట్యూబులు కోసి పట్టీ వేశాడు. తిండి ధ్యాస లేదు, నిద్ర లేదు. పాపని పోగొట్టుకుంటే ఇక తనకి ఎవరూ లేరన్న భయం వాణ్ణి తరుముతోంది.

ముందు గోడలో పైన వరసగా, వేలు దూరేంత చిల్లులు ఉన్నాయి. తుపాకీ గుళ్ళ దెబ్బలని యార్డులో అందరూ అనేవాళ్ళు.

"గుళ్ళయితే మనుషులకి తగలాలి కదరా" అన్నాడు వాచ్‌మన్ తాత మెల్లగా. "మంచు కొండల్లో ఈ బండిలోనే కొందరు సిపాయిలు పోయారట. చలికి తెరలన్నీ బిగించుకుని రాత్రంతా ప్రయాణం... పొద్దున తెర తీసి చూస్తే, అందరూ కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే ఉన్నారట. ఒంటి మీద ఒక్క గాయం లేదట."

వెల్డరు వినిపించుకోలేదు. చలిగాలి వచ్చేది ఆ చిల్లుల్లోంచే. మాస్కు దించుకుని ఒక్కొక్కటీ పూడ్చేశాడు. ఆఖరిది పూడగానే —

ధన్!

మాస్కు ఎత్తి చుట్టూ చూశాడు. కానీ వాడు వెల్డరు కదా! కాలిన ఇనుము చల్లారేటప్పుడు టప్పుమంటుందని వాడికి తెలుసు. ఇనుము చల్లారుతోంది, అంతే... అని సర్దిచెప్పుకున్నాడు.

శనివారం పాప వచ్చింది. లోపలికి ఎక్కి, రెండు బల్లల మీదా దూకి, చప్పట్లు కొట్టింది.

"నాన్నా, ఇది ఎక్కడికి పోతుంది?"

"నువ్వు ఎక్కడికంటే అక్కడికి."

"చక్రాల్లేవుగా!"

"రాత్రికి మొలుస్తాయిలే, పడుకో."

బావమరిది మాత్రం రేకుల్ని వేలితో తట్టి చూసి, పొద్దున్నే వస్తానని వెళ్ళిపోయాడు.

పొద్దు వాలాక చలి ముదిరింది. ఇనుము మంచుగడ్డ అయిపోయింది. పాప నిద్రలో తుమ్మింది. ఒక్క తుమ్ము... వెల్డరు దిగ్గున లేచి కూర్చున్నాడు. ఆ ఒక్క తుమ్ముకి సెలవులు పోతాయి, పిల్ల పోతుంది, అన్నీ పోతాయి. పరుగున వెళ్ళి తాత షెడ్డులోంచి బొగ్గుల కుంపటి తెచ్చి పాప కాళ్ళ దగ్గర పెట్టాడు. తలుపు లాగి గడియ బిగించాడు.

లోపల వెచ్చబడింది. ఎన్నాళ్ళకో హాయిగా... నిద్ర కమ్ముకొచ్చింది.

ధన్!

ఇనుము చల్లారుతోంది... అనుకున్నాడు కళ్ళు తెరవకుండానే.

ధన్!

చల్లారడానికి ఆ ఇనుము ఎప్పుడు కాలింది? వెల్డింగు అయిపోయి రోజులైంది. ఆ చప్పుడు వాడి తలవైపు గోడ మీద. బయట కాదు... లోపలే.

ఎవడ్రా అనబోయాడు. నాలుక తిరగలేదు. తలలో ఎవరో ఇసక పోసినట్టు బరువు.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. వెల్డింగు నేర్చుకోకముందు వాడు లారీ క్లీనరు. వెనక నిలబడ్డ క్లీనరు లారీ బాడీ మీద రెండు దెబ్బలు వేస్తే డ్రైవరుకి 'పోనీ' అని. ఒక్క దెబ్బ వేస్తే 'ఆపు' అని. ఊరు ఊరంతా ఆ చప్పుడు విని పారిపోయింది గానీ, అది ఒక్కటే ఎందుకని ఎవరూ ఆలోచించలేదు.

ధన్!

ఆపు... ఆపు... ఎవరో ఆపమంటున్నారు. ఏం ఆపాలి?

కళ్ళు బలవంతాన తెరిచాడు. కుంపటి ఎర్రగా ఉంది. పాప బుగ్గలు అంతకంటే ఎర్రగా ఉన్నాయి. నోరు తెరుచుకుని ఉంది.

"అమ్మలూ..."

పాప కదల్లేదు.

లేవబోతే కాళ్ళు తనవి కానట్టున్నాయి. పాకాడు. పిల్ల చెయ్యి పట్టుకుని ఈడ్చాడు. గడియ తీశాడు. రబ్బరు బిగుసుకుపోయి తలుపు రాలేదు. భుజంతో గుద్దాడు... మళ్ళీ గుద్దాడు... తలుపు విడిపోయి ఇద్దరూ తుప్పు రాలిన నేల మీద పడ్డారు.

చల్లగాలి ముఖానికి కొట్టింది. అయినా పాప లేవలేదు.

"లే తల్లీ... మీ మామయ్య దగ్గరే ఉందువుగాని. నేను అడగను. నిన్ను ఇమ్మని ఎవర్నీ అడగను. లే అమ్మా..." పిల్లని గుండెకి అదుముకుని ఏడ్చాడు. ఏ పిల్ల కోసం అంత చాకిరీ చేశాడో, ఆ పిల్లని వదులుకుంటానని చీకట్లో ఎవరికో మొక్కుకున్నాడు.

పాప దగ్గింది. భళ్ళున కక్కుకుంది. తర్వాత గట్టిగా ఏడ్చింది. అంత మంచి చప్పుడు జన్మలో వినలేదన్నాడు వెల్డరు.

వాచ్‌మన్ తాత కేకలు వేసి జనాన్ని లేపాడు. ఆసుపత్రిలో పాప ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. మూసిన గదిలో బొగ్గులు రాజేస్తే గాలి విషమవుతుందని, ఇంకాసేపైతే ఇద్దరూ నిద్రలోనే పోయేవాళ్ళని డాక్టరు చెప్పాడు. ఒంటి మీద గాయం కూడా ఉండదట... ఆ సిపాయిల్లాగే.

పొద్దున బావమరిది వచ్చాడు. వెల్డరు జరిగిందంతా దాచకుండా చెప్పి, "తీసుకెళ్ళు. నా వల్ల కాదు" అన్నాడు. అతను తీసుకెళ్ళాడు. మొదటిసారి ఆ పెద్ద నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో వాడు నాకు చెప్పలేదు. నేను చూశానుగా. నేను పెట్టిన అన్నం పెట్టినట్టే కుక్కలకి వేసేవాడు. ఒకరోజు డ్రిల్లు పట్టుకెళ్ళి ఆ చిల్లులన్నీ తిరిగి తెరిచాడు. తెరుస్తూ ఒకదాని పాత అంచు తడిమాడు. గుళ్ళ దెబ్బలైతే రేకు చిరిగి ముడుచుకుంటుంది. ఇవి గుండ్రంగా, నున్నగా ఉన్నాయి. సిపాయిలు పోయాక ఎవరో పనివాడు, కొలిచి మరీ, గాలి కోసం వేసిన చిల్లులు. పనితనం తెలిసినవాడై ఉండి కూడా చూసుకోలేదని వాడు అక్కడే కూలబడ్డాడు.

అప్పుడే ఫోన్ మోగింది.

"బావా, ఆ చిల్లులు తెరిచారా?"

"ఆ..."

"మళ్ళీ క్యాంపింగ్ ఎప్పుడని ఇది నా ప్రాణం తోడేస్తోంది. రేపు తెస్తున్నా. కుంపటి కనిపించిందో, ఊరుకోను. దుప్పట్లు నేనే తెస్తా. నేనూ అక్కడే పడుకుంటా."

మర్నాడు ముగ్గురూ అందులోనే పడుకున్నారు. తలుపు ఓరగా తెరిచే ఉంది. బావమరిది గురక పెడుతున్నాడు. పాప తండ్రి చొక్కా పట్టుకుని నిద్రపోయింది. చిల్లుల్లోంచి సన్నగా గాలి వస్తోంది. వెల్డరుకి మాత్రం కన్ను మూతపడలేదు. తలవైపు గోడకేసే చూస్తున్నాడు.

ధన్!

పాపని లాగి ఒళ్ళో వేసుకున్నాడు. ఇంకేం తప్పు చేశాను... ఇంకేం మూసేశాను...

ధన్!

వెంటనే. ఒకదాని వెనక ఒకటి. రెండు.

పాప నిద్రలోనే గొణిగింది. "నాన్నా... బయల్దేరిందా?"

ఆ రాత్రి తర్వాత ఆ చప్పుడు మళ్ళీ ఎవరికీ వినిపించలేదట. వెల్డరు చెప్పడం ముగించి నా ముఖంలోకి చూశాడు. నేను వాడి చెవులు చూశాను. మామూలుగానే ఉన్నాయి.