ఎర్రదీపం వంతెన

చీకటి పడ్డాక ఆ వంతెన పేరు మా కాలనీలో ఎవరూ ఎత్తరు. ఎత్తాల్సి వస్తే "అటు దారి" అంటారు. ఏ దారి అని మళ్ళీ అడిగామో... ముందు పిల్లల్ని లోపలికి పంపేసి, అప్పుడు చెబుతారు.

పాత వంతెన అది. తెల్లదొరల కంపెనీ రైళ్ళు నడిపిన కాలంలో, రాయి మోసే బళ్ళ కోసం కట్టారట. కింద ఇటుక కమానులు, పైన ఇనప దూలాలు. తర్వాత ఆ లైను ఎత్తేసి, పట్టాలు పీకేసి, తారు పోసి రోడ్డు చేశారు. పగలు చూస్తే ముచ్చటగా ఉంటుంది. కమానుల్లో పావురాలు, కింద కాలవలో కలువలు, పెళ్ళి ఫొటోలు తీయించుకునే జంటలు. పొద్దుగూకాక మాత్రం ఒంటరిగా ఎవరూ దాని మీద కాలు పెట్టరు.

ఎందుకంటే — నడిమధ్యన ఎర్రదీపం వెలుగుతుంది.

ఒకే ఒక్క దీపం. మనిషి చేతి ఎత్తులో. అటూ ఇటూ ఊగుతుంది... ఆరిపోతుంది.

అప్పుడెప్పుడో ఒక గార్డు, వస్తున్న బండిని ఆపడానికి దీపం ఊపుతూ వంతెన మీద నిలబడ్డాడట. బండి ఆగలేదట. ఇంతవరకూ అందరి కథా ఒకటే. తగువంతా ఆ గార్డు ఎవరివాడన్న దాని మీదే. మా రైల్వే ఊళ్ళో బెంగాలీవాళ్ళూ, వలస వచ్చిన మన తెలుగువాళ్ళూ కలిసే ఉంటారు. బెంగాలీవాళ్ళు "మీ తెలుగువాడే" అంటారు. మనవాళ్ళు "కాదు దాదా, మీవాడే" అంటారు. చివరికి ఇద్దరూ కలిసి దాన్ని ఏ తెల్లదొర నెత్తినో రుద్దేసి, కలిసి టీ తాగుతారు.

నేనిప్పుడు చెప్పేది మా మీనాకుమారి అక్కకీ హరిబాబు బావకీ జరిగింది. ఇద్దరి నోటా విన్నాను. బావ చెప్పిన కథలో అక్క వణికిపోతుంది, అక్క చెప్పిన కథలో బావ వణికిపోతాడు. నేను అక్క చెల్లెల్ని. ఎవరి మాట నమ్మానో వేరే చెప్పాలా?

బావ నిమ్‌పురా యార్డు నుంచి గూడ్సు బళ్ళు నడుపుతాడు. రైలు నడిపేవాడికి ఎర్ర సిగ్నలు దాటడాన్ని మించిన పాపం లేదు. ఆ భయం ఆయనకి ఒంటికి పట్టేసింది. స్కూటరు మీద వెళ్తూ ఎవరి మేడ మీదైనా ఎర్రచీర ఆరేసి ఉండడం చూస్తే చాలు, కాలు బ్రేకు మీద పడిపోతుంది. ఆయనకున్న రెండో బాధ రిలీవరు. డ్యూటీ అయిపోయినా, బండి అందుకునే రెండో మనిషి వచ్చేదాకా దిగడానికి లేదు కదా. "రిలీవరు రానేదు" అన్నది ఆయన ఇంట్లో అడుగు పెడుతూ అనే మొదటి మాట.

అక్క విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఒక ఫ్యాక్టరీలో చేస్తుంది. ప్యాకింగ్ సెక్షను, రెండో షిఫ్టు. ఈమధ్యే సూపర్‌వైజరు అయింది. షిఫ్టు వదిలాక ఆడవాళ్ళందరూ ఒక టోటోలో, అంటే బ్యాటరీ రిక్షాలో, ఇరుక్కుని, కళ్ళు మూసుకుని, ఆ వంతెన మీదుగానే ఇళ్ళకి వచ్చేవాళ్ళు. పదిమంది ఉంటే దెయ్యానికి కూడా బెరుకుంటుందని వాళ్ళ ధైర్యం.

పోయిన నెల ఆ ధైర్యం కాస్తా పోయింది. టోటో నడిపే దాదా ఒక రాత్రి వంతెన కింద నీలం వెలుతురు చూశాడు. ఆ వెలుతురులో — జుట్టు విరబోసుకున్న తల!

మర్నాడు చేతులు జోడించేశాడు. "దీదీ, హైవే మీంచి అయితే ఠీక్ హై. ఆ బ్రిడ్జి మాత్రం నా వల్ల కాదు."

హైవే అంటే లారీల మధ్య నుంచి చుట్టుదారి. అక్క ఇంటికొచ్చేసరికి పిల్లలు నిద్రపోయేవాళ్ళు. మా అమ్మ చిలకమ్మ కొన్నాళ్ళు చూసింది, చూసి తేల్చేసింది.

"సాల్లేయే ఉద్యోగం. సోమవారం నుంచి మానీ."

అక్క కంచం కడుగుతూ వెనక్కి తిరిగి నిలబడింది. ఆ ఉద్యోగమంటే దానికెంత ఇష్టమో నాకు తెలుసు. సూపర్‌వైజరు బ్యాడ్జీని ఆదివారం కూడా ఒకసారి తీసి చూసుకునే మనిషి.

శనివారం షిఫ్టుకి వెళ్తూ అక్క బావతో అంది, "రాత్రి మీరొచ్చి నన్ను స్కూటరు మీద ఆ వంతెన దాటించండి. మనం దాటినామంటే టోటో దాదా కూడా దాటతాడు. నేదంటే నాను ఇంట్లో కూకోడవే."

"ఆ వంతెనేనా?" అన్నాడు బావ.

"ఆ వంతెనే."

బావ వెళ్ళాడు. ప్రేమ కొద్దీ వెళ్ళానంటాడు. వెళ్ళకపోతే ఇంట్లో జరిగేది తలుచుకుని వెళ్ళాడని అక్క అంటుంది.

ఆ రాత్రి మంచు దట్టంగా ఉంది. సాల చెట్లు దాటాక ఇళ్ళు లేవు, దీపాలు లేవు. స్కూటరు వెలుతురు రెండు గజాల అవతలికి పోవడం లేదు. అయినా తొందరగా దాటేసి ఇంట్లో పడదామని బావ జోరుగా నడుపుతున్నాడు.

వంతెన మొదలు కనిపించింది... స్కూటరు కీచుమని ఆగిపోయింది.

"ఏటండీ, ఆపేసినారు?"

"ఎర్ర..."

మంచులో, వంతెన నడిమధ్యన — ఎర్రదీపం. మనిషి చేతి ఎత్తులో. ఊగుతోంది.

పిరికివాడైతే బండి తిప్పుకుని పారిపోతాడు. మొండివాడైతే కళ్ళు మూసుకుని దూకించేస్తాడు. మా బావ రెండూ చెయ్యలేదు. ఇంజను ఆపాడు. కుడిచెయ్యి మొహం దగ్గరికి తెచ్చుకుని వాచీ చూసుకున్నాడు.

"ఇప్పుడు వాసీ ఎందుకండీ?" అక్క గొంతు గుసగుసగా వచ్చింది.

"రెండు నిముసాలు ఆగాల. రాత్రిపూట రూలది. అప్పుడు పొడుగ్గా ఆరను కొట్టి, మెల్లగా ఎల్లొచ్చు."

"ఇది రైలేటండీ?"

"సిగ్నలు సిగ్నలేనే."

రైల్లో కొన్ని సిగ్నళ్ళకి ఆ రూలు నిజంగానే ఉందట. దెయ్యాలకి వర్తిస్తుందని ఎక్కడా రాసి ఉండదు. కానీ ఆ సమయానికి బావకి తెలిసిన మంత్రం అదొక్కటే.

నిలబడ్డారు. కింద ఎక్కడో నీళ్ళ చప్పుడు. అక్క బావ చొక్కా పట్టుకుని పోలమ్మ తల్లికి మొక్కులు మొక్కుతోంది.

"పచ్చ పడితే బాగున్ను..." అన్నాడు బావ.

పచ్చ పడలేదు. రెండు నిముషాలైంది. బావ హారను మీద వేలు పెట్టి — పొడుగ్గా — నొక్కాడు.

దీపం ఆరిపోయింది.

అదే క్షణాన వంతెన అవతల ఎవరో పొదల్లోంచి దబదబా పరిగెత్తిపోయారు!

"ఒలమ్మో... ఎనక్కి ఎలిపోదారండీ."

"సిగ్నలు వొదిలినాక ఎనక్కి ఎల్లకూడదు," అన్నాడు బావ. ఆ మాట ధైర్యంతో అన్నాడో, కాళ్ళు కదలక అన్నాడో ఇప్పటికీ తేలలేదు. మనిషి నడక కంటే మెల్లగా స్కూటరు వంతెన ఎక్కింది. దూలాలు కిర్రుమన్నాయి. నడిమధ్యకి వచ్చారు. అప్పుడు... సరిగ్గా కాళ్ళ కింద నుంచి... బొంగురు గొంతు —

"ఆగకుండ్రి..."

అక్క కళ్ళు గట్టిగా మూసేసుకుంది.

"మెల్లగ... గట్లనే పోండ్రి..."

"మీనా," బావ పెదాలు మాత్రమే కదిలాయి, "తెలుగు దెయ్యవేనే."

"మనూరిది కాదండీ," అంది అక్క కళ్ళు తెరవకుండానే, "మాట తేడాగుంది."

ఎలాగో అవతలి గట్టుకి చేరారు. ఇక ఒక్క ఉదుటున పారిపోదామని బావ చెయ్యి యాక్సిలరేటరు మీద బిగించాడు. వెనక నుంచి మళ్ళీ అదే గొంతు, ఈసారి ఏడుస్తున్నట్టు —

"ఇంకొక్కసారి రాండ్రి... మీకు దండం పెడ్త..."

దెయ్యం వచ్చి పీక పట్టుకుంటే ఏం చెయ్యాలో జనం చెబుతారు. దెయ్యం దండం పెడితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. బావ స్కూటరు తిప్పాడు. ఇటు నుంచి అటు. అటు నుంచి ఇటు. ఎన్నిసార్లు తిప్పించిందని అడిగితే బావ రెండంటాడు, అక్క అయిదంటుంది. "ఇంకొంచెం మెల్లగ..." అంటుంది దెయ్యం. బావ ఇంకొంచెం మెల్లగా నడుపుతాడు. ఆయన ఏ ఆఫీసరు మాటా అంత బుద్ధిగా విని ఉండడు.

తిరిగీ తిరిగీ అక్కకి భయం అయిపోయింది. భయం స్థానంలో కోపం వచ్చింది. ప్యాకింగ్ సెక్షనులో వాడే గొంతు బయటికి తీసింది.

"ఎవులే నువ్వు? పైకి రా ముందు! షిఫ్టు సేసి సచ్చి ఒస్తన్నోల్లతో ఆటలేటి నీకు?"

కింద నుంచి ఎవరో పైకి పాకుతున్న చప్పుడు.

తర్వాత... రెయిలింగు పక్కన నీలం వెలుతురు. విరబోసుకున్న జుట్టు. తెల్లగా పాలిపోయిన మొహం. ముక్కు మీద కళ్ళద్దాలు.

"సారీ అక్కా," అంది దెయ్యం, "నేను రష్మితను."

ఇంజనీరింగ్ ఇనిస్టిట్యూట్‌లో చదువుకునే తెలంగాణ పిల్ల. పాత వంతెనల మీద బండి పోతే దూలాలు ఎంత అదురుతాయో కొలవడం దాని ప్రాజెక్టు. పగలైతే ఒకేసారి పది బళ్ళు వస్తాయి, లెక్క తేలదు. రాత్రి ఒంటరిగా, మెల్లగా పోయే బండి ఒక్కటి కావాలి. నెల రోజులుగా కాపు కాస్తోంది. తన కొలిచే మిషను పెట్టె మీది నీలం దీపం చూసి టోటోవాడు జడుసుకున్నాడనీ, అందుకే ఒక్క బండీ రావడం లేదనీ పాపం దానికి తెలీదు. ఆ మిషను పొద్దున్నే తిరిగి ఇచ్చేయాలి. ఆఖరి రాత్రి.

"గా పరిగెత్తింది అభినయ్, మా క్లాస్‌మేట్," అంది. "మీరు చీకట్ల అట్లనే నిలబడి, అంత పొడుగ్గ హారన్ కొడ్తే... మీరే దెయ్యాలనుకున్నం. భయంతోని నాకు గొంతే వస్తలేదు. అయినా ఈ బండి పోతే మల్ల దొరకదని పిలిచిన."

అక్క నవ్వాపుకోలేక రెయిలింగు పట్టుకుని కూలబడింది. ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయట. సోమవారం డ్యూటీకి వెళ్ళవచ్చని తప్ప దానికి ఇంకేమీ తోచలేదట.

బావకి మాత్రం ఇప్పుడు పౌరుషం వచ్చింది. "అది సరేనమ్మా. మరి ఆ ఎర్రదీపం ఊపుడేటి? మనుసులు గుండాగి సచ్చిపోరా?"

"ఎర్రదీపమా?"

"ఇక్కడే. నడిమధ్యన."

రష్మిత వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూసింది.

"అన్నా... నా దగ్గర ఎర్రదీపం లేదు. నా ఫోను కూడ చచ్చిపోయింది. మీరు అక్కడ ఆగినప్పుడు నేను గీడనే, రోడ్డు మీద కూసోని పెట్టె బిగిస్తున్న, దాని నీలం దీపం ఇంక వెలిగించలే. మీరు ఆగినంకనే సామాను సర్దుకొని కిందికి దిగిన."

ముగ్గురూ రోడ్డు వైపు చూశారు. నల్లటి తారు. మంచు.

దీపం ఊగింది సరిగ్గా అక్కడే. ఆ పిల్ల కూర్చున్న చోట... దాని తల పక్కన.

బావ వచ్చిన జోరుకి, ఆ మంచులో, దీపం కనిపించకపోయి ఉంటే... ఆ మాట ఎవరూ పూర్తి చెయ్యలేదు. ముగ్గురూ ఒకే స్కూటరు ఎక్కి, వెనక్కి చూడకుండా ఊళ్ళో పడ్డారు.

అక్క టోటో దాదాకి సగం కథ చెప్పింది. నీలం దీపం, చదువుకునే పిల్ల, మిషను. ఆయన సిగ్గుపడి, నవ్వి, సోమవారం నుంచి మళ్ళీ వంతెన మీదుగా వస్తానన్నాడు. రెండో సగం చెప్పలేదు. ఒక్క షరతు మాత్రం పెట్టింది: వంతెన ముందు ఎర్రగా ఏమైనా కనిపిస్తే రెండు నిముషాలు ఆగాలి, పొడుగ్గా హారను కొట్టాలి, మెల్లగా వెళ్ళాలి. అది రైల్వే రూలని చెప్పింది. రైల్వే రూలంటే మా ఊళ్ళో ఎదురు ప్రశ్న ఉండదు.

అమ్మ కూడా ఉద్యోగం మాట మళ్ళీ ఎత్తలేదు. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

నిన్న రాత్రి అందరం భోజనాల దగ్గరున్నాం. అక్క షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. బావ రోజూ అడిగేదే అడిగాడు.

"ఇయ్యాల ఆగినారేటి వంతెన కాడ?"

"ఆగనేదండీ."

"దీపం నేదా?"

"ఉంది."

బావ చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఎర్రదీపం ఉండగా దాటీసినారేటే?"

"ఎర్రది కాదండీ," అంది అక్క మెల్లగా. "ఇయ్యాల... పచ్చ."

దూరంగా యార్డులో ఏదో ఇంజను కూత పెట్టింది.

ముందు తేరుకున్నది అమ్మే. చెంప మీద చెయ్యి వేసుకుని, "ఓలమ్మ... ఇన్నేల్ల బట్టీ ఆ మంచులో డూటీలోనే ఉన్నాడేటి, పాపం? ఆడికి రిలీవరు రానేదేటి?" అంది.

ఎందుకు చూశామో తెలీదు గానీ, అందరం ఒక్కసారే బావ వైపు చూశాం.

బావ పీట మీంచి సగం లేచిపోయాడు. "నాకింకా శానా సర్వీసుంది అత్తయ్యా!"