రెండో బోల్ట్

"నువ్వొక రైఫిల్ కొనాలి," అంది ప్రూయిట్ మేడమ్. "గురి తప్పనిది. శనివారం లోపల."

మెరిట్ హాగెన్ తలూపాడు. మోంటానాలో హైవే పక్కనున్న చిన్న హోటల్లో, కిటికీ దగ్గరి టేబుల్ ముందు కూర్చున్నారిద్దరూ. పక్క టేబుల్ దగ్గర రైతులు వాన గురించి గొణుక్కుంటున్నారు. ప్రూయిట్ మేడమ్ ముందు సగం తిన్న చెర్రీ పై. ఆవిణ్ణి చూస్తే చర్చిలో పియానో వాయించే మనిషి అనుకుంటారు తప్ప, గూఢచారి విభాగం నడుపుతోందని ఎవరూ అనుకోరు.

ఆవిడ ఒక ఫోటో ముందుకి తోసింది.

"ఎమీల్ టార్నోక్. హంగరీ శాస్త్రవేత్త. తొమ్మిదేళ్ళ క్రితం మన వైపు వచ్చేశాడు. ఇప్పుడు కాల్డర్ ఫ్లాట్ అనే ఊళ్ళో ఎడ్ టర్నర్ అనే పేరుతో ఉంటున్నాడు. షూటింగ్ క్లబ్బులో టార్గెట్ కాగితాలు మారుస్తాడు. రెండు వందల గజాలు నడిచెళ్ళి, పాతవి పీకి, కొత్తవి తగిలించి వస్తాడు. అదే అతని సరదా."

"అతన్ని చంపాలని వెతుకుతున్న ముఠాకి తెలిసిపోయిందా?"

"సోమవారం ఒక సందేశం దొరికింది. ఈ శనివారం పోటీలో వాళ్ళ మనిషి ఉంటాడు. పట్టపగలు, అందరి ముందూ. ఎవరో తెలియదు."

"పోటీ ఆపేయొచ్చుగా."

"ఆపితే వాడు ఇంకో రోజు వస్తాడు. ఆ రోజేదో మనకి తెలియదు." ఆవిడ ఫోర్కు కింద పెట్టింది. "వియన్నా తర్వాత ఇదే నీ మొదటి పని. ఎలా ఉన్నావ్?"

"బాగానే ఉన్నా మేడమ్."

అబద్ధం కాదు. ఎలానూ లేడు, అంతే. వియన్నాలో తను కాపాడాల్సిన మనిషి తనకి మూరెడు దూరంలో, కారు తలుపు తీస్తూ పేలిపోయాడు. ఆ పేలుడుకి మెరిట్ ఎడమచేతి మూడు వేళ్ళల్లో స్పర్శ పోయింది. నరాలు మళ్ళీ పని చేయొచ్చన్నారు డాక్టర్లు. వేళ్ళు కాక ఇంకేం మొద్దుబారిందో ఎవరూ అడగలేదు, అతనూ చెప్పలేదు.

"ఊళ్ళో తుపాకుల దుకాణం రోవేనా పైక్‌ది," అంది మేడమ్. "మూడేళ్ళుగా మన మనిషి. టార్నోక్‌ని కనిపెట్టుకుని ఉండేది ఆవిడే. క్లబ్బు చాంపియన్ కూడా. నువ్వు గడ్డివిత్తనాలమ్మే సేల్స్‌మన్‌వి." చేతిగడియారం ఒకటి ఇచ్చింది. "ఇందులో ట్రాన్స్‌మిటర్ ఉంది. బాగా చలేస్తే పని చేయదు."

"మనమున్నది మోంటానాలో, అదీ అక్టోబర్‌లో మేడమ్."

"అందుకే ముందే చెప్తున్నా."

*

రోవేనా పైక్‌కి నలభై దాటి ఉంటాయి. వెండి చెవిపోగులు, ఎర్రటి గోళ్ళు. కుడి చూపుడువేలి గోరు మాత్రం మొదలంటా కత్తిరించి ఉంది. ఆ గోరు ట్రిగ్గర్ కోసం.

"ఇవాళ గాలి ఎటుందండీ?" అడిగాడు మెరిట్.

"జెండాలొకటి చెప్తాయి, గాలి ఇంకోటి చేస్తుంది," అంది ఆవిడ. గుర్తు మాట కలిసింది. వెంటనే నవ్వింది. "విత్తనాలాయనా! రండి, రండి. నేల ఉడుతలతో బాధా, కాగితాలతో బాధా?"

"కాగితాలతోనే."

"అయితే దూరం నుంచి చిన్న గురి కొట్టే వార్మింట్ రైఫిల్ కావాలి మీకు. ఇది చూడండి."

ఆవిడ చూపించింది చాలా అందమైన తుపాకి. నిగనిగలాడే వాల్‌నట్ కర్ర, చెక్కిన పువ్వులు. మెరిట్ దాన్ని చేతిలోకి తీసుకుని, మళ్ళీ యథాస్థానంలో పెట్టేశాడు.

అతని తండ్రి ఈ రాష్ట్రంలోనే పశువుల కొట్టంలో పని చేసినవాడు. ఆవుల కాళ్ళు విరగ్గొట్టే బొరియలు తవ్వే నేల ఉడుతల కోసం, యజమాని ఇచ్చిన రైఫిల్ ఒకటి వాడేవాడు. కొడుకు కాలేజీకి వెళ్తుంటే ఆయన ఇవ్వగలిగిందల్లా తుపాకి ఎలా ఎంచుకోవాలనే సలహా. అందం చూడకు. గొట్టం బరువుగా ఉండాలి, చివరిదాకా సన్నబడకూడదు. సన్న గొట్టం అయిదు గుళ్ళకే వేడెక్కి పక్కకి చూస్తుంది. బల్ల మీద కదలకుండా కూర్చునేలా ముందు కర్ర వెడల్పుగా ఉండాలి. ట్రిగ్గర్ జీళ్ళపాకంలా సాగకూడదు, గాజుపుల్లలా విరగాలి. ఆఖరిగా, తూటాని గొట్టంలోకి తోసి మూసే బోల్ట్ మీద నంబరూ రైఫిల్ మీద నంబరూ ఒకటేనా చూడు. ఒకదాని బోల్ట్ ఇంకోదానికి తొడిగేవాడితో ఎప్పుడూ వేటకి వెళ్ళకు.

మెరిట్ వరసలో చివరనున్న రైఫిల్ తీశాడు. నల్లటి మొండి గొట్టం, రంగు లేని కర్ర. జేబులోంచి డాలర్ నోటు తీసి గొట్టానికీ కర్రకీ మధ్య దూర్చి లాగాడు. ఎక్కడా ఆగకుండా జారింది. గొట్టం కర్రని తాకట్లేదు. అలవాటు కొద్దీ నంబరు చూశాడు. చివర నాలుగు, ఒకటి, ఏడు. బోల్ట్ ఉండాల్సిన చోట ఖాళీ.

"దీని బోల్ట్ ఏదండీ?"

"పాలిష్‌కి పంపాను. సోమవారం వస్తుంది," అంది రోవేనా. "నా రైఫిల్‌కి కవల అది. మంచి కన్నే మీది."

వియన్నాకి ముందైతే రెండో ప్రశ్న అడిగేవాడు. ఎవరికి పంపారు, దేనికి అని. ఇప్పుడు ఊరికే తలూపి, పక్కనున్న రైఫిల్ తీసి నోటు దూర్చాడు. అదీ జారింది. నంబర్లు కలిశాయి. అదే కొన్నాడు.

రసీదు రాస్తూ రోవేనా గొంతు తగ్గించింది. "తొమ్మిదో బల్ల. గడ్డం మనిషి. కొత్తగా పేరిచ్చాడు. రైఫిల్ ఎక్కడ కొన్నావంటే చెప్పట్లేదు. వాడి మీద కన్నేయండి, ముసలాయన సంగతి నేను చూసుకుంటా."

*

శనివారం ఉదయం పది గంటలు. నేల మీద మంచు పొడి. మెరిట్ గడియారం తొమ్మిదింటికే చచ్చిపోయింది. అతనిది ఆరో బల్ల. అయిదో బల్ల రోవేనాది, అతనికి ఎడమపక్కనే.

రేంజ్ పెద్ద గస్ బ్రాటెన్ మైకు పట్టుకుని గొంతు సవరించుకున్నాడు. "ఏమర్రా, కాల్చడం ఆపండి. బోల్టులు బయటికి."

ఇక్కడ అదొక్కటే చట్టం. టార్గెట్ల దగ్గరికి మనిషి వెళ్తున్నాడంటే ప్రతి షూటరూ తన బోల్ట్ ఊడదీసి, బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాలి. గస్ వరసంతా నడిచి లెక్కపెడతాడు. బోల్ట్ లేని రైఫిల్‌ని ఎవరూ తుపాకిగా చూడరు, కట్టె కింద లెక్క. అందుకే ఆ తర్వాత కూర్చుని టెలిస్కోప్‌లోంచి చూసుకున్నా, గురి సర్దుకున్నా ఎవరూ పట్టించుకోరు.

ముసలాయన చంకలో కాగితాల చుట్టతో బయల్దేరాడు. పోతూ పోతూ మెరిట్ బల్ల దగ్గర ఆగాడు.

"విత్తనాల అబ్బాయివి నువ్వేనా? మొదటి కాగితం చూశాను. చల్లావులే బాగా."

"గాలి ఉందండీ."

"గాలి అందరికీ ఉంటుంది నాయనా. గస్, నేను పోతున్నా. నన్ను కాల్చకండి."

"నీకంత సీనుందా ఎడ్?" అన్నాడు గస్. నలుగురూ నవ్వారు. ముసలాయన వీపు మంచు మీద చిన్నదవుతూ పోయింది.

మెరిట్ తొమ్మిదో బల్ల వైపు చూశాడు. గడ్డం మనిషి గుడ్డు సాండ్‌విచ్ తింటున్నాడు. అతని బోల్ట్ బల్ల మీదే ఉంది. అన్ని బోల్టులూ బల్లల మీదే ఉన్నాయి. గస్ లెక్కపెట్టి, "సరే" అన్నాడు. మెరిట్‌కి భయం లేదు, తొందరా లేదు. భయపడాల్సిన సమయమిదని మాత్రం తెలుసు, మందు వేసుకోవాల్సిన వేళ గుర్తొచ్చినట్టు.

రోవేనా తడి తువ్వాలు తన రైఫిల్ మీద కప్పింది. గొట్టం చల్లారడానికి అందరూ చేసే పనే. తర్వాత కూర్చుని, చెంప కర్రకి ఆనించి, టెలిస్కోప్‌లోకి చూసింది. ఆవిడ బోల్ట్ బల్ల అంచున తళతళలాడుతోంది. చేసేదేం లేక మెరిట్ దాని మీద గీసిన అంకెలు చదివాడు.

నాలుగు. ఒకటి. ఏడు.

ఒక క్షణం ఏమీ కాలేదు. తర్వాత లెక్క తనంతట తనే తేలింది. ఇది దుకాణంలోని కవల రైఫిల్ బోల్ట్. పాలిష్‌కి వెళ్ళిన బోల్ట్ ఇక్కడుంటే, ఈవిడ సొంత బోల్ట్ ఎక్కడుంది? తడి తువ్వాలు కుడివైపు వేలంత ఉబ్బి ఉంది, సరిగ్గా బోల్ట్ పిడి ఉండే చోట.

బోల్ట్ బల్ల మీద ఉందని రేంజంతా సాక్ష్యం చెబుతుంది. నింద సాండ్‌విచ్ తినేవాడి మీదికి పోతుంది. అవతల ముసలాయన మొదటి కాగితం పీకుతున్నాడు, వీపు ఇటు తిప్పి.

కత్తిరించిన గోరున్న వేలు ట్రిగ్గర్ మీదికి చేరింది.

మెరిట్ ఎడమచెయ్యి చాచి, తువ్వాలుతో సహా పిడి పట్టుకుని, పైకెత్తి వెనక్కి లాగాడు. ట్రిగ్గర్ టక్కుమంది, ఉత్తినే. తూటా గాల్లోకి ఎగిరి, బల్ల మీద గిరగిరా తిరిగి, అతని కాఫీ కప్పులో పడింది.

రోవేనా తల తిప్పింది. మొహంలో కోపం లేదు, ఆశ్చర్యమే. ఆవిడ రెండో చెయ్యి కోటు జేబులోకి పోతుంటే మెరిట్ కుడిచేత్తో ఆ మణికట్టు పట్టేశాడు.

"వద్దండీ. తొమ్మిదో బల్లాయన తినడం ఆపేశాడు. ఆయన మేడమ్ మనిషని ఇప్పుడే అనిపిస్తోంది నాకు."

నిజమే. గడ్డం మనిషి సాండ్‌విచ్ జాగ్రత్తగా కాగితంలో చుట్టి, లేచి వస్తున్నాడు. ప్రూయిట్ మేడమ్ తన మనుషుల గురించి ఎవరికీ పూర్తిగా చెప్పదు.

"నువ్వు దేనికీ చలించవని చెప్పారు," అంది రోవేనా మెల్లగా. "పనికిరాకుండా పోయావనే నిన్ను పంపమని అడిగాను."

"ఎవరు చెప్పారో నిజమే చెప్పారండీ."

"మరి ఎలా పట్టుకున్నావ్?"

"బోల్ట్ నంబరు. మా నాన్న చూడమన్నాడు."

గడ్డం మనిషి ఆవిణ్ణి లేవదీశాడు. గస్ బ్రాటెన్ వచ్చి తువ్వాలు తీసి చూశాడు. రైఫిల్లో ఒక బోల్ట్, బల్ల మీద ఒక బోల్ట్. మొహం తెల్లబోయింది. తనే లెక్కపెట్టాడు మరి. బల్ల మీద ఉన్నవే లెక్కపెట్టాడు. ముప్పై ఏళ్ళుగా అంతే చేస్తున్నాడు. టోపీ తీసి, కాసేపలా పట్టుకుని నిలబడి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మాయ్," అన్నాడు చివరికి, "ఒకదాని బోల్ట్ ఇంకోదాని పక్కన పెట్టడమేంటి? చాంపియన్‌వి నువ్వు."

గడ్డం మనిషి ఆవిణ్ణి కారెక్కించాడు. కారు తలుపు మూసుకుంది. ఆ చప్పుడుకి మెరిట్ ఒంట్లో ఏదో ఉలిక్కిపడింది, చాలా లోపల, చాలా చిన్నగా. కాసేపు ఆగి చూశాడు. మళ్ళీ రాలేదు. ఎడమచేతి వేళ్ళ వైపు చూసుకున్నాడు. వాటి మీంచి తువ్వాలు తాలూకు చన్నీళ్ళు కారుతున్నాయి. చల్లగా ఉండే ఉంటాయి.

ముసలాయన పాత కాగితాలు చంకలో పెట్టుకుని తిరిగొచ్చాడు. చలికి ముక్కు ఎర్రబడింది. ఖాళీ అయిన అయిదో బల్లని చూశాడు, వెళ్ళిపోతున్న కారునీ చూశాడు.

"రోవేనా వెళ్ళిపోయిందేం? గెలిచేదిగా."

"పనిబడిందండీ," అన్నాడు మెరిట్.

ముసలాయన అతని కాగితం విప్పి, కళ్ళజోడు సవరించుకుని, అయిదు చిల్లుల మధ్య వేలితో కొలిచాడు. తల అడ్డంగా ఊపాడు.

"నీ రైఫిల్‌కేం, బాగానే ఉంది నాయనా. నువ్వే, పని మీద కాస్త మనసు పెట్టాలి."

అని, అడక్కుండానే మెరిట్ కాఫీ కప్పు అందుకుని ఒక గుక్క తాగబోయాడు.

"అది తాగకండి," అన్నాడు మెరిట్. "అందులో మీకు తగలాల్సిందొకటి పడింది."