రాళ్ళు తగలనీ

"ఇంకొంచెం మెత్తటి గుడ్డ దొరకదా?" అన్నాడు రామచంద్ర, మోటారు సైకిలు గుమ్మం ముందు ఆపీ ఆపకముందే.

కుళ్ళాయమ్మ మగ్గం దగ్గర నుంచి లేవలేదు. "నేనేమన్నా నీ బండికి గుడ్డలు కుట్టేదాన్నా?" అంది.

నిజానికి కుట్టింది ఆమే. హిందూపురంలో బట్టల అంగడి లక్ష్మీనరసయ్యకు ఒక్కడే కొడుకు రామచంద్ర. పెనుకొండ దాకా తారు రోడ్డు, అంగడి పని మీద అక్కడికి వెళ్ళి రావడానికే కొడుక్కి బండి కొనిచ్చాడు ఆయన. పెనుకొండ దాటి ధర్మవరం దోవ పడితే అంతా కొత్తగా పోసిన కంకర. లారీ చక్రాల కింది రాళ్ళు ఎగిరి వచ్చి ఎర్రటి పెట్రోలు ట్యాంకుకు తగిలేవి. తగిలిన చోటల్లా రంగు లేచిపోయేది.

నేతగాడు చౌడప్ప కూతురు కుళ్ళాయమ్మ కోసం కొడుకు ధర్మవరం పోతున్నాడని ఎవరో లక్ష్మీనరసయ్య చెవిన వేశారు. ఆ రోజు నుంచి ఆయన సాయంత్రం పూట కళ్ళద్దాలు పెట్టుకుని మరీ ట్యాంకు చూసేవాడు. ఒక్క రాయి దెబ్బ కనబడినా బండి అమ్మేసి పెనుకొండలో తాను చూసిన సంబంధం ఖాయం చేస్తానని తెగేసి చెప్పాడు.

అందుకే కుళ్ళాయమ్మ ముతక గుడ్డ రెండు మడతలు వేసి, మందంగా గంజి పట్టించి, ట్యాంకుకు సరిపోయేలా కుట్టి ఇచ్చింది. రాళ్ళు ఆగాయి. కానీ గుడ్డ కింద దుమ్ము చేరి దారి పొడుగునా రంగును రుద్దేసింది. గుడ్డ ఉన్నంత మేర మెరుపు పోయింది.

"ఏమిరా, ట్యాంకుకు రవిక తొడిగినావా అని అడిగినాడు మా నాయన," అన్నాడు రామచంద్ర దిగులుగా.

కుళ్ళాయమ్మ పకపకా నవ్వింది. "నువ్వేం చెప్తివి?"

"ఎండకు కప్పినా అని చెప్తి."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఇంకా ఎన్నాళ్ళప్పా ఈ అబద్ధాలు?"

"లోపల పట్టు ముక్క వేసి కుడితే రంగు పోదు కదా. ఈ ఒక్కసారికి..."

మగ్గం మీద చీరకు నేసినంత మేర పాత పంచె ముక్క కప్పి ఉంది. కుళ్ళాయమ్మ దాన్ని ఎత్తింది. కింద అరిటాకు రంగు పట్టు నిగనిగలాడింది.

"చూడు. మాసిపోకుండా మేమూ కప్పుతాం. మగ్గం మీద ఉండేంత వరకే. కోసినాక పదిమందిలో పరిచి చూపిస్తాం. నన్ను ఎన్నాళ్ళు కప్పిపెడతావు?"

రామచంద్రకు కోపం వచ్చింది. ముందు ఆమె మీద, తరువాత తన మీద. బండి దగ్గరికి పోయి ట్యాంకు మీది గుడ్డ ఊడబీకి అరుగు మీద పడేశాడు.

"ఎక్కు," అన్నాడు.

"యాడికి?"

"హిందూపురానికి. రాళ్ళు తగలనీ. మా నాయన కళ్ళారా చూసుకోనీ."

ఎదుటి మగ్గం మీద చౌడప్ప అంతా వింటూనే ఉన్నాడు. నేత ఆపి కూతురి వైపు తిరిగాడు. "పోయిరా పాపా," అన్నాడు. "ఎవరేమన్నా ఏడ్చుకుంటా మాత్రం రావద్దు."

రోజూ లారీ కనబడితే వెనకే ఆగిపోయే రామచంద్ర ఆ రోజు ఆగలేదు. రాయి టంగుమన్నప్పుడల్లా వెనక కూర్చున్న కుళ్ళాయమ్మ "ఇంకొకటి" అనేది. పెనుకొండ చేరినా ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

అంగట్లో లక్ష్మీనరసయ్య ముందు ట్యాంకును చూశాడు, తరువాత పిల్లను చూశాడు.

"ధర్మవరం నుంచి వస్తాండా నాయనా," అన్నాడు రామచంద్ర. "ఈ పిల్ల కుళ్ళాయమ్మ. చేసుకుంటే ఈ పిల్లనే చేసుకుంటా. నువ్వు వేరే సంబంధాలు చూడొద్దు."

"బండి తాళం ఈడ పెట్టు."

పెట్టాడు. కుళ్ళాయమ్మ చెయ్యి పట్టుకుని బజార్లోకి దిగాడు. ఆ చెయ్యి వదల్లేదు. ఇద్దరూ రైలు స్టేషను వైపు నడిచారు. పక్క అంగళ్ళ వాళ్ళంతా బయటికి వచ్చి చూస్తున్నారు.

"రేయ్, నిలబడు." లక్ష్మీనరసయ్య పంచె ఎత్తి పట్టుకుని వెనకే వచ్చాడు. తాళం కొడుకు చేతిలో కుక్కాడు. "నా కోడల్ని నడిబజార్లో నడిపిస్తావా?"

"నడిచేదానికి నాకేం సిగ్గు లేదు మామా," అంది కుళ్ళాయమ్మ. "మీ అంగట్లోకి నన్ను రమ్మంటారా, లేదా? అది చెప్పండి."

లక్ష్మీనరసయ్య చుట్టూ చూశాడు. చూస్తున్న ఒక్కొక్కరినీ చూశాడు.

"రామ్మా," అన్నాడు, బజారంతా వినబడేలా.